మాట్లాడుతూనే వినే రేడియో: మాధవధార మేడ గది ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

విశాఖలో మా మేడ మీది గదిలో పాత మంచం తీసేసి బల్ల వేశాం. బల్ల మీద ఒక ప్లూటో ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో బోర్డు), స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన ఇంకో ప్లూటో, నానో వీఎన్ఏ (రేడియో ముక్కల్ని కొలిచే చిన్న మీటరు), సోల్డరింగ్ ఐరన్, మేనల్లుడి లాప్‌టాప్. వాడు బీటెక్ మూడో ఏడాది అయిపోయి సెలవులకి వచ్చాడు. నేను కాలేజీలో కమ్యూనికేషన్స్ ల్యాబ్ చూస్తుంటాను. పైథాన్ వాడిది, సోల్డర్ నాది అని ఒప్పందం.

చెయ్యాలనుకున్నది ఇది: ఒకే ఫ్రీక్వెన్సీ మీద, ఒకే యాంటెన్నాతో, ఒకే సమయంలో పంపడం, అందుకోవడం. సెల్‌ఫోన్‌లో ఇద్దరం ఒకేసారి మాట్లాడుకుంటాం కదా, ఇందులో కొత్తేముంది అంటారు. అక్కడ వెళ్ళే దారికి ఒక ఫ్రీక్వెన్సీ, వచ్చే దారికి ఇంకొకటి ఉంటుంది. లేదంటే కాలాన్ని చిన్న ముక్కలు చేసి వంతులు వేస్తారు. సైనికుడి చేతిలో ఉండే వాకీటాకీలో ఆ వెసులుబాటు కూడా లేదు. బటన్ నొక్కితే నోరు, వదిలితే చెవి.

కారణం తేలిక. సొంత ప్రసారం సొంత రిసీవర్‌ని చెవిటిదాన్ని చేస్తుంది. సన్నాయి మేళం పక్కనే కూర్చుని వీధి చివర గుసగుస వినాలన్నట్టు ఉంటుంది. మా బల్ల మీద లెక్క వేస్తే, ప్లూటో పంపేది సుమారు 5 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత), అంటే మూడు మిల్లీవాట్లు. 200 కిలోహెర్ట్జ్ వెడల్పులో రిసీవర్ నాయిస్ మట్టం, అంటే దాని సొంత గోల, దగ్గర దగ్గర మైనస్ 116 డీబీఎం. తేడా 121 డీబీ. పది డీబీ అంటే పది రెట్లు, ఇరవై అంటే వంద రెట్లు. ఆ లెక్కన 120 అంటే లక్ష కోట్ల రెట్లు. మన గొంతుని అన్ని రెట్లు తగ్గించుకుంటే తప్ప అవతలివాడి గొంతు పూర్తిగా వినపడదు.

ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పంపడం, అందుకోవడం స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2010లో, వేర్వేరు యాంటెన్నాలతో, చేసి చూపించారు. అదే కాలంలో రైస్ విశ్వవిద్యాలయం వాళ్ళూ చేశారు. 2013లో స్టాన్‌ఫర్డ్ బృందమే 80 మెగాహెర్ట్జ్ వెడల్పు వైఫై సంకేతం మీద 110 డీబీ తగ్గించింది. అంతకు ముందు చాలామంది అయ్యే పని కాదని వదిలేసిన విషయం అది. మిలిటరీ రేడియోకి వస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. అయిదు వాట్ల సెట్టు, 25 కిలోహెర్ట్జ్ ఛానెల్ అనుకుంటే తేడా 159 డీబీ. వాళ్ళు వాడే 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మోటార్ల గోల, కరెంటు గోల ఎలాగూ ఉంటుంది కాబట్టి ఓ పదిహేను, ఇరవై మినహాయించుకోవచ్చు. అయినా 140 మిగులుతుంది. మేం 80 వస్తే పండగే అనుకున్నాం.

చట్టం సంగతి కూడా ఇక్కడే రాసిపెట్టుకుంటున్నాను. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య మన దేశంలో తక్కువ శక్తితో, 200 కిలోహెర్ట్జ్ వెడల్పు దాటకుండా, లైసెన్సు లేకుండా పంపుకోవచ్చు. లోరా పరికరాలు (తక్కువ శక్తితో దూరానికి డేటా పంపే చిన్న రేడియోలు) ముఖ్యంగా 865.0625, 865.4025, 865.985 దగ్గర ఉంటాయి. వాటి జోలికి పోకుండా 866.6 ఎంచుకున్నాం. జామింగ్ (ఇతరుల ప్రసారాన్ని గోలతో ముంచడం) లాంటివి గాల్లోకి వదలడం నేరం, అవన్నీ కేబుళ్ళలోనే. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్ళో రేడియోలతో ఆడుకునేవాడికి ఈ భయం ఉండడమే మంచిది.

జూన్ 14, శనివారం

పంపే దారినీ అందుకునే దారినీ ఒకే యాంటెన్నా దగ్గర విడదీయడానికి సర్క్యులేటర్ ఆర్డర్ చేశాం. ఫెరైట్ అయస్కాంతం ఉన్న ముక్క, ఒక్కటే 20 డీబీ దాకా ఆపుతుంది. పార్సిల్ వచ్చింది. పైన 900 అని స్టిక్కర్. వీఎన్ఏకి తగిలిస్తే 1.8 గిగాహెర్ట్జ్ దగ్గర చక్కగా పనిచేస్తోంది, మా ఫ్రీక్వెన్సీ దగ్గర రెండు డీబీ కూడా ఆపట్లేదు. స్టిక్కర్ గోటితో గీకితే కింద ఇంకో స్టిక్కర్. అమ్మిన దుకాణం జవాబివ్వలేదు. మేనల్లుడు మాత్రం "మావయ్యా, రెండు స్టిక్కర్లు ఒకటి ధరకే" అని రోజంతా నవ్వాడు.

ఒక విధంగా మంచిదే అయింది. మిలిటరీ వీహెచ్ఎఫ్‌లో, అంటే ఆ 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, తరంగం పొడవు మూడున్నర నుంచి పది మీటర్లు. అక్కడ ఫెరైట్ సర్క్యులేటర్ చేస్తే ఇటుకంత అవుతుంది, బ్యాండ్ మొత్తం మీదా పనిచెయ్యదు. కాబట్టి అక్కడ పనికొచ్చే పద్ధతే పట్టుకుందాం అనుకుని హైబ్రిడ్ వైపు తిరిగాం.

జూన్ 22, ఆదివారం

హైబ్రిడ్ అంటే కేబుల్‌తో చేసిన రింగు. చుట్టుకొలత తరంగానికి ఒకటిన్నర రెట్లు, దాని మీద నాలుగు రేవులు. ఒక దాంట్లో ట్రాన్స్‌మిటర్, దాని రెండు పక్కల యాంటెన్నా, డమ్మీ లోడ్ (యాంటెన్నాకి జోడీగా శక్తిని మింగే 50 ఓముల రెసిస్టర్), ఎదురుగా రిసీవర్. ట్రాన్స్‌మిటర్ నుంచి రిసీవర్‌కి రెండు దారులున్నాయి. ఒక పక్క నుంచి అర తరంగం, ఇంకో పక్క నుంచి పూర్తి తరంగం నడిచి వచ్చిన సంకేతాలు ఎదురెదురుగా కొట్టుకుని చస్తాయి.

రింగుకి 70.7 ఓములు కావాలి. కేబుల్ టీవీ వైరు 75 ఓములు, దగ్గరే. ఇంట్లో పడి ఉన్న చుట్ట తీశాను. రెండు గంటలు పోయింది. ఈ రోజుల్లో వచ్చే వైరుకి పైన జల్లెడ అల్యూమినియం, దానికి సోల్డర్ అంటదు. మళ్ళీ జగదాంబ వైపు వెళ్ళి, పాత రకం ఆర్‌జీ 59, రాగి జల్లెడది, రెండు మీటర్లు అడిగితే కొట్టులో కుర్రాడు నన్ను మ్యూజియంలోంచి వచ్చినవాడిలా చూశాడు. పావు తరంగం ముక్క 5.7 సెంటీమీటర్లు, మూడు ముక్కలు. ముప్పావు తరంగం ముక్క 17.1, ఒకటి.

యాంటెన్నా స్థానంలోనూ 50 ఓముల లోడ్ పెట్టి చూస్తే ట్రాన్స్‌మిటర్ గొంతు రిసీవర్‌కి 36 డీబీ తగ్గి వచ్చింది. టీవీ వైరుకి అది గొప్పే. యాంటెన్నా పెట్టగానే 20కి పడిపోయింది. మేనల్లుడు సోల్డర్ మీద నింద వేశాడు, నా పరువు పోయింది. కానీ తప్పు సోల్డర్‌ది కాదు. డమ్మీ లోడ్ కచ్చితంగా 50 ఓములు, యాంటెన్నా కాదు. రెండూ ఒకేలా లేనప్పుడు రద్దు కూడా పూర్తిగా జరగదు. యాంటెన్నా రిటర్న్ లాస్, అంటే అది వెనక్కి కొట్టేది ఎంత తగ్గి వస్తుందో, కొలిస్తే 14 డీబీ. ఇలాంటి రింగులో దానికి ఆరు కలిపితే వచ్చేదే మన ఐసొలేషన్, అంటే రెండు దారుల మధ్య ఎడం. 20 అంటే 20, సిద్ధాంతం చెప్పినట్టే వచ్చింది. చెయ్యి యాంటెన్నా దగ్గరకి తెస్తే 13. ఇంకో చేదు నిజం, రింగులో సగం శక్తి డమ్మీ లోడ్‌లోకి పోతుంది, వచ్చే సంకేతంలోనూ సగం పోతుంది. అటు మూడు డీబీ, ఇటు మూడు డీబీ పన్ను.

సాయంత్రం కింది వాటా బాబాయి గారు పైకి వచ్చారు. నేవీలో రేడియో ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి.

"ఏటి బాబూ, వైరుతో గాజులు చేస్తన్నావా?"

చెప్పాను. ఆయన రింగుని తిప్పి తిప్పి చూసి, "ఇది టెలిఫోన్‌లో ఉన్నదే కదా" అన్నారు. నిజమే. పాత లాండ్‌లైన్ ఫోన్‌లో రెండే తీగలు, వాటి మీదే మన మాటా అవతలి మాటా. మన మాట మన చెవిలో మోగిపోకుండా లోపల ఒక హైబ్రిడ్ కాయిల్ ఉండేది. కొంచెం కావాలనే వదిలేవాళ్ళు, లేకపోతే ఫోన్ చచ్చిపోయిందనుకుంటారని. నూరేళ్ళ నాటి ఉపాయాన్నే మేం మెగాహెర్ట్జ్‌లోకి తెచ్చాం, అంతే.

జూన్ 29, ఆదివారం

రెండో అంచె. రింగు తర్వాత కూడా మిగిలిన సొంత గొంతు మైనస్ 15 డీబీఎం. దీన్ని ఏడీసీ (సంకేతాన్ని అంకెలుగా మార్చే చిప్పు) దాకా వెళ్ళనివ్వకూడదు. ప్లూటోలో ఏడీసీ 12 బిట్లు, పుస్తకం లెక్కలో 74 డీబీ, నిజంలో ఇంకా తక్కువ. పెద్ద గొంతుకి సరిపోయేలా గెయిన్ తగ్గిస్తే చిన్న గొంతు ఆఖరి బిట్టు కింద నలిగిపోతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అని వదిలేస్తే కుదరదు. ఇక్కడ అనలాగ్‌లోనే కోత పడాలి.

మొదట అటెన్యుయేటర్ (సంకేతం బలం తగ్గించే ముక్క), కేబుల్ ముక్కలతో ప్రయత్నించాం. సంకేతం కొంచెం తీసి, సరిగ్గా అంతే బలంతో, సరిగ్గా తిరగేసి కలపాలి. ఎంత సరిగ్గా? బలంలో 0.1 డీబీ, ఫేజ్‌లో (అల తన చుట్టులో ఎక్కడుందో చెప్పే కోణంలో) ఒక డిగ్రీ తప్పితేనే 33 డీబీ దగ్గర ఆగిపోతాం. అయిదు డిగ్రీలు తప్పితే 21. మా ఫ్రీక్వెన్సీలో ఒక డిగ్రీ అంటే కేబుల్‌లో ముప్పావు మిల్లీమీటరు కూడా కాదు. శనివారమంతా కేబుల్ కోసి, గీకి, కనెక్టర్ బిగించి, కొలిచి, మళ్ళీ కోశాను. దర్జీ పని. కనెక్టర్ ఇంకో పావు చుట్టు బిగిస్తే రీడింగ్ మారిపోయేది.

ఆదివారం మేనల్లుడు దారి మార్చాడు. మా ప్లూటో బోర్డు లోపల రెండో ట్రాన్స్‌మిట్ దారి కూడా ఉంది, చిన్న కనెక్టర్ మీద. సెట్టింగ్ మారిస్తే తెరుచుకుంటుంది. మొదటి దారి అసలు సంకేతం పంపుతుంది, రెండోది దాని వ్యతిరేకాన్ని తయారుచేసి కప్లర్ అనే కలిపే ముక్క గుండా రిసీవర్ ముందు కలుపుతుంది. కత్తెర అక్కర్లేదు, బలం, ఫేజ్ రెండూ పైథాన్‌లో ఒక సంఖ్య. రైస్ వాళ్ళు తొలి రోజుల్లో వాడిన పద్ధతి కూడా ఇలాంటిదే. నాలుగు నిమిషాల్లో 31 డీబీ వచ్చింది. నా శనివారం మొత్తాన్ని వాడు నాలుగు నిమిషాల్లో కొట్టేశాడని ఇక్కడ రాయమని వాడే అడిగాడు. రాశాను.

దీనికీ హద్దుంది. రెండు దారులూ ఒకే లోకల్ ఆసిలేటర్ (ఫ్రీక్వెన్సీని పుట్టించే భాగం) పంచుకుంటాయి కాబట్టి దాని వణుకు చాలావరకు కలిసే పోతుంది. కానీ మొదటి దారి తర్వాత పవర్ ఆంప్లిఫయర్ పెడితే, అది పుట్టించే నాయిస్, వంకరలు రెండో దారిలో ఉండవు, రద్దు కావు. అసలైన ఫీల్డ్ సెట్టులో ఆంప్లిఫయర్ తప్పదు. అక్కడ ఆంప్లిఫయర్ తర్వాత నుంచి తీసిన నకలే కావాలి, అంటే మళ్ళీ నా కేబుల్ ముక్కలే. మేనల్లుడికి ఈ మాట చెప్పి కొంచెం తృప్తి పడ్డాను.

జూలై 6, ఆదివారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

మూడో అంచె డిజిటల్. మనం ఏం పంపామో మనకి ప్రతి శాంపిలూ తెలుసు. అది రింగు గుండా, గోడల మీద తగిలి, ఎలా మారి వచ్చిందో లీస్ట్ స్క్వేర్స్ అనే లెక్కతో అంచనా కట్టి, పదహారు ట్యాపుల (గుణించే సంఖ్యల) ఫిల్టర్‌తో తీసేయాలి. మొదట యూఎస్‌బీలో శాంపిళ్ళు జారిపోయి ఆలస్యం మాటిమాటికీ మారిపోయింది. పంపే శాంపిళ్ళని బోర్డులోనే పెట్టి అవే తిరిగి తిరిగి పంపేలా చేశాక కుదురుకుంది.

ఫలితం 11 డీబీ. కనీసం 25 రావాలి. కోడ్ మూడుసార్లు చూశాం. ట్యాపులు పెంచాం, తగ్గించాం. కేబుల్‌తో, యాంటెన్నా లేకుండా చేస్తే 33 వస్తోంది. యాంటెన్నా పెట్టగానే 11. మూడు రోజులు ఇదే టెన్షన్.

మిగిలిన సంకేతం బలాన్ని కాలంతో గీయమన్నాను. అలలు అలలుగా ఉంది. దాని స్పెక్ట్రమ్‌లో 16 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక ముల్లు. కరెంటు గోలైతే 50 దగ్గర ఉండాలి. ఈ పదహారు ఎక్కడిది? మధ్యాహ్నం మూడింటికి, బనియన్ చెమటతో ఒంటికి అంటుకుపోయి తల పైకెత్తితే కనపడింది. సీలింగ్ ఫ్యాన్. నిమిషానికి 320 చుట్లు, మూడు రెక్కలు. 320ని 60తో భాగించి మూడుతో గుణిస్తే పదహారు. రెగ్యులేటర్ తగ్గిస్తే ముల్లు పన్నెండుకి జరిగింది. ఇక అనుమానం లేదు.

యాంటెన్నాకి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో తిరిగే ఫ్యాన్ నుంచి వచ్చే ప్రతిధ్వని లెక్క కట్టాను. పంపినదానికంటే ఓ 55 డీబీ కింద. రింగు తీసుకునే ఆరు డీబీ పన్ను పోను మైనస్ 56 డీబీఎం దగ్గర తేలుతుంది. అనలాగ్ తర్వాత మాకు మిగిలింది మైనస్ 46. అంటే కదలని భాగాన్ని ఎంత బాగా తీసినా పది, పదకొండు దగ్గర ఫ్యాన్ అడ్డుపడుతుంది. కొలిచింది పదకొండే. మేం తెలియకుండానే ఇంట్లో ఒక రాడార్ కట్టుకుని, అది పనిచేస్తోందని బాధపడుతున్నాం.

ఫ్యాన్ ఆపేశాం. 27 డీబీ. జూలైలో విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్ళకి ఈ 27 విలువ తెలుస్తుంది.

మొత్తం 20, 31, 27. డెబ్బై ఎనిమిది.

జూలై 10, గురువారం

పని లేదు. నిన్న సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు నడిచి వచ్చిన మేనల్లుడు ఈ రోజు మేడ మెట్లెక్కలేనన్నాడు.

జూలై 13, ఆదివారం

ఫ్యాన్ ఆపి పరీక్ష పాసవడం మోసం. యుద్ధరంగంలో జీపు కదులుతుంది, సైనికుడు పరిగెడతాడు, చెట్లు ఊగుతాయి. ఒకసారి అంచనా కట్టి ఊరుకోకుండా, ఫిల్టర్ ప్రతి శాంపిల్‌కీ తనని తాను సరిదిద్దుకునే ఎల్ఎంఎస్ అనే పద్ధతి పెట్టాం. ఫ్యాన్ పూర్తి వేగంలో 24 వచ్చింది. ఒక్కోసారి ఎంత సరిదిద్దుకోవాలనే అడుగు పరిమాణం పెంచితే ఫ్యాన్ వెనక చురుగ్గా పరిగెడుతుంది, కానీ అవతలివాడి సంకేతాన్ని కూడా సొంత గొంతనుకుని తినడం మొదలుపెడుతుంది. తగ్గిస్తే మర్యాదగా ఉంటుంది, వెనకపడుతుంది. ఈ రెంటి మధ్య సంఖ్య వెతకడానికే సాయంత్రమైంది.

తర్వాత బాబాయి గారిని తీసుకుని బీచ్ రోడ్డుకి వెళ్ళాం. 2002 నుంచి కుర్సురా సబ్‌మెరైన్ అక్కడ మ్యూజియంగా ఉంది. ఎన్నిసార్లు చూసినా లోపల రేడియో గది దగ్గర నేను ఆగిపోతాను. మంచం పట్టేంత కూడా లేదు. బయటికొచ్చి మురీ మిక్చర్ తింటూ బాబాయి గారు అడిగారు: "ఒకేసారి మాట్లాడి వింటే లాభం ఏటి? స్పీడు డబులా? రేడియో నెట్ మీద ఒకడి తర్వాత ఒకడు మాట్లాడడం మాకు డిసిప్లిన్. సబ్‌మెరైన్ వాడైతే అసలు మాట్లాడడు, వింటాడు. మాట్లాడితే దొరికిపోతాడు."

నెలరోజులుగా నాకు నేను చెప్పుకోలేని జవాబు ఆ ప్రశ్నతో తేలింది. పత్రికల్లో ఫుల్ డూప్లెక్స్ (ఇలా ఒకేసారి పంపడం, అందుకోవడం) అనగానే వేగం రెట్టింపు అని రాస్తారు. సైన్యానికి అది చిల్లర లాభం. అసలు లాభం మాట్లాడే క్షణంలో చెవిటివాడు కాకపోవడం. శత్రువు డ్రోన్‌ని అడ్డుకోవడానికి జామర్ వేశామనుకోండి, మన జామర్ మన రేడియోల్నే ముందు ముంచుతుంది. అవతలివాడు ఫ్రీక్వెన్సీ మార్చాడో లేదో తెలుసుకోవాలంటే జామర్‌ని మధ్యమధ్యలో ఆపి వినాలి. దాన్ని లుక్ త్రూ అంటారు. ఆ ఆపిన సందులోనే అవతలివాడు తన పని చూసుకుంటాడు. ఆపకుండా వినగలిగితే ఆ సందు ఉండదు. రెండు సెట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పలికితే, దొంగచాటుగా వినేవాడికి రెండు గొంతులూ కలగాపులగంగా అందుతాయి. మనకి మన గొంతు తెలుసు కాబట్టి తీసేసుకుంటాం, వాడు తీసేసుకోలేడు. నాటో సైన్స్ విభాగం కింద దీనికోసమే ఒక పరిశోధన బృందం ఏర్పడింది. ఫిన్లాండ్ పరిశోధకులు ఈ దారిలో చాలా పని చేశారు.

బాబాయి గారు పొట్లం మడిచి, "మా రోజుల్లో క్యూఎస్‌కే అని ఉండేది" అన్నారు. మోర్స్ కొట్టేటప్పుడు చుక్కకీ చుక్కకీ మధ్య సందులో రిసీవర్ తెరుచుకునేది, అవతలివాడు ఆపమంటే వినపడేది. "మీ లుక్ త్రూ మాకు చేతి వేళ్ళల్లో ఉండేది బాబూ."

జూలై 20, ఆదివారం

ఫ్రీక్వెన్సీ హాపింగ్, అంటే ఫ్రీక్వెన్సీ నుంచి ఫ్రీక్వెన్సీకి గెంతడం. సైనిక సెట్లు ఒకే చోట కూర్చోవు. అమెరికా సైన్యం వాడే సింక్‌గార్స్ రేడియో సెకనుకు వందకు పైగా సార్లు గెంతుతుంది. ప్రతి గెంతుకీ రద్దు మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటే కూర్చునేలోపే లేవాలి. మా రెండు మెగాహెర్ట్జ్ స్థలంలో అయిదు చోట్లు పెట్టుకుని, ఒక్కో చోటికి సంఖ్యలు పట్టికలో దాచి, గెంతించి చూశాం.

అనలాగ్ సంఖ్యలు తిరిగి వచ్చినా పనిచేశాయి. డిజిటల్ సంఖ్యలు ప్రతిసారీ చెడిపోయాయి. కారణం తెలిశాక ముచ్చటేసింది. రెండు ట్రాన్స్‌మిట్ దారులకీ ఒకే ఆసిలేటర్, ఎన్నిసార్లు గెంతినా వాటి మధ్య ఫేజ్ మారదు. రిసీవర్‌కి వేరే ఆసిలేటర్. గెంతిన ప్రతిసారీ అది తనకి తోచిన ఫేజ్‌లో కూర్చుంటుంది. అందుకని పదహారు ట్యాపులూ దాచి, గెంతిన వెంటనే ఒక్క ఫేజ్ మాత్రమే కొన్ని శాంపిళ్ళతో కొలిచి, అన్నిటినీ దానితో తిప్పాం. పనిచేసింది. మేం చేస్తున్నది సెకనుకు మూడు గెంతులే, అది వేరే విషయం.

మధ్యాహ్నం ఎండకి బల్ల వేడెక్కి అనలాగ్ అంచె 31 నుంచి 28కి జారింది. ప్రతి పది నిమిషాలకీ ఒకసారి తనే సరిచేసుకునేలా వాడు కోడ్ రాశాడు. ఎస్ఎంఏ కనెక్టర్ల మీద అప్పుడే పచ్చగా పట్టడం మొదలైంది. సముద్రపు గాలి.

జూలై 27, ఆదివారం

రెండో ప్లూటోని కింది వాటాలో బాబాయి గారి వరండాలో పెట్టాం. దానికి ఒక మోర్స్ కీ తగిలించాం, ఆయన అటక మీంచి దించిన ఇత్తడి కీ. పైన మా సెట్టు 866.6 మీద ఆపకుండా పంపుతూ ఉంది. అదే ఫ్రీక్వెన్సీ మీద కింద నుంచి వచ్చేది మైనస్ 60 డీబీఎం దగ్గర. మా మిగులు మైనస్ 73. పదమూడు డీబీ పైన ఉంటే మోర్స్‌కి బోలెడు. నాయిస్ మట్టానికి మాకింకా 43 డీబీ దూరం ఉంది, అది వేరే సెలవుల పని.

కీ దగ్గర మేనల్లుడు కూర్చున్నాడు, వారం రోజులుగా నేర్చుకుంటున్నాడు. బాబాయి గారు పైన హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. మొదట రద్దు ఆపేసి వినిపించాను. ఒకటే రొద. అనలాగ్ ఆన్ చేశాను, రొద తగ్గింది. డిజిటల్ ఆన్ చేశాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కుడిచేతి చూపుడు వేలు బల్ల మీద కదలడం మొదలైంది. రెండు నిమిషాలు అలాగే ఉన్నారు. స్పెక్ట్రమ్ తెర మీద మా ప్రసారం గోడలా నిలబడే ఉంది, ఒక్కసారి కూడా ఆగలేదు.

హెడ్‌ఫోన్ తీసి మెట్ల దగ్గరకి వెళ్ళి కిందకి అరిచారు.

"ఒరే బాబూ! గీతలు పొట్టిగా కొడతన్నావు! చుక్కకి మూడింతలుండాల! మళ్ళీ కొట్టు!"